గంజ్‌లో చింతగింజల బేరం

మార్కెటు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కాంటా ఎలా సరిచూడాలి, వడ్లలో తేమ ఎలా పట్టుకోవాలి అని అడుగుతారు. అవి నేర్పడానికి ఒక పూట చాలు. గింజ పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి. సాగినట్టు నలిగితే ఇంకా రెండు ఎండలు కావాలి. కాంటా పళ్ళేలు అటువి ఇటు, ఇటువి అటు మార్చి తూస్తే దాని దొంగబుద్ధి బయటపడుతుంది. ఇంతే.

కాని ఆ ఉద్యోగం అసలు ఏమిటని ఎవరైనా అడిగితే ఇంత తేలిగ్గా చెప్పలేను. పంట తెచ్చినవాడికీ కొన్నవాడికీ మధ్య మనం నిలబడతాం. ఇద్దరిలో ఎవరికీ మనమీద పూర్తి నమ్మకం ఉండదు. మనం మంచి చేశామనుకున్నది ఒక్కోసారి వాళ్ళకు చెడు చేస్తుంది. అది కనిపెట్టడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. నాకు అది ఎలా తెలిసిందో రాస్తాను.

నేనూ, నా గొంతూ

నిజాం పాలన చివరి రోజుల్లో నల్లగొండ జిల్లాలో ఒక గంజ్‌లో మున్షీగా ఉన్నాను. ధాన్యం అమ్ముకునే సర్కారు మార్కెటును మా వైపు గంజ్ అంటారు. బడిలో నేను చదివింది ఉర్దూ. తెలుగు మాత్రం గ్రంథాలయంలో నేర్చుకున్నాను. ఒక వకీలుగారి ఇంటి ముందుగదిలో రెండు బీరువాలతో నడిచేది అది. గంజ్ మూసిన తర్వాత ఒంటినిండా వడ్ల దుమ్ముతో నేరుగా అక్కడికి పోయేవాణ్ణి. చేతులు కడుక్కుని వస్తే తప్ప పుస్తకం చేతికిచ్చేవారు కాదు. ఆ రెండు బీరువాలూ నేను పూర్తిగా చదివానని ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. అర్థశాస్త్రం పుస్తకమైతే రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు కాబట్టి.

మా సెక్రటరీ హైదర్ సాహెబు. పొట్టి మనిషి, తెల్లటి షేర్వాణీ, పాన్ నమలడం ఎప్పుడూ ఆపడు. నాకు దొరికిన అధికారులందరిలోకి మంచివాడు. ఆయన పెట్టిన మొదటి నియమం నాకు ఇంకా గుర్తుంది: బండి దిగిన రైతుకు ముందు నీళ్ళివ్వాలి, కాసేపు కూర్చోనివ్వాలి, తర్వాతే వడ్లు చూడాలి. "దాహమైనోడు ఏ ధరకైనా సరే అంటడు రాజయ్యా," అనేవాడు. "ముంగట కడుపుల చల్లవడనియ్యి." గంజ్ అరుగుమీద వరసగా కుండలు పెట్టించింది ఆయనే. నేను ఏ గంజ్‌కు బదిలీ అయినా మొదట చేసిన పని కుండలు పెట్టించడమే.

నాకు ఆ రోజుల్లో పెద్ద గొంతు ఉండేది. గంజ్ ఈ గేటు దగ్గర పిలిస్తే ఆ గేటు దగ్గర హమాలీ తల తిప్పేవాడు. ఈ గొంతే నాకు పేరు తెచ్చింది, ఈ గొంతే తంటా తెచ్చింది.

రుమాలు కింద

నేను చేరేనాటికి గంజ్‌లో బేరం నోటితో జరిగేది కాదు. రైతు వడ్లు కుప్ప పోసేవాడు. అతని తరఫున అమ్మిపెట్టే అడ్తీదారు ఒకవైపు, కొనే సేటు ఒకవైపు నిలబడి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, పైన రుమాలు కప్పుకునేవాళ్ళు. ఆ గుడ్డ కింద వేళ్ళు మాట్లాడుకునేవి. వేలు పట్టుకుంటే రూపాయి, కణుపు నొక్కితే అణా. పైకి మాత్రం ఇద్దరూ ఊరి పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. రైతు ఆ కదిలే గుడ్డ వైపే చూస్తూ కూర్చునేవాడు, గంప కింద కప్పిన కోడి గుడ్డు పెడుతుందో లేదో అన్నట్టు. చివరికి అడ్తీదారు రుమాలు దులిపి భుజాన వేసుకుని రైతు చెవిలో ఒక ధర చెప్పేవాడు. గుడ్డ కింద కుదిరిన ధర, చెవిలో చెప్పిన ధర ఒకటే అని ఎవరు చెప్పగలరు?

హైదర్ సాహెబు వచ్చిన మొదటి పంటకే రుమాలు బేరం బందు చేశాడు. ఇకమీదట ప్రతి కుప్ప దగ్గరా గంట కొట్టాలి, సేటులు అందరి ముందూ పాట పాడాలి, ఆఖరి ధర మున్షీ మూడుసార్లు గట్టిగా చెప్పాలి. ఆ మున్షీని నేను. పుస్తకాల్లో చదివిన న్యాయమైన మార్కెటు నా కళ్ళముందే, నా గొంతుతోనే తయారవుతున్నట్టు అనిపించింది. అడ్తీదార్లు గొణిగారు. సేటులు మొహం మాడ్చుకున్నారు. రైతులు మాత్రం ధర విని నోళ్ళు తెరిచారు. కుప్పకు కుప్పకు ధర పెరిగింది. ఆ నెలంతా నేను వీథిలో నడుస్తుంటే రైతులు పిలిచి మరీ బీడీ ఇచ్చారు. నాకు అలవాటు లేకపోయినా మర్యాదకు చెవిలో పెట్టుకునేవాణ్ణి.

ఖాళీ అవుతున్న గంజ్

మరుసటి ఏడు ఆబి పంట వచ్చింది. వానాకాలం వరిని మేము ఆబి అంటాము, యాసంగి వరిని తాబి అంటాము. అప్పటికి ప్రపంచ యుద్ధం ముదిరింది. బట్ట ధర పెరిగింది, దీపాలకు గ్యాసునూనె దొరకడం లేదు, నాగలి కర్రుకు ఇనుము కావాలంటే కమ్మరి పైకప్పు చూస్తున్నాడు. బావిలోంచి నీళ్ళు తోడే మోటకు తోలు బొక్కెన కావాలి. ఆ తోలంతా ఎటో పోతోందని చెప్పేవారు. వడ్ల ధర కూడా పెరిగిందన్న మాట నిజమే. అయితే రైతు ఒక చేతితో తీసుకున్నది అదే సాయంత్రం రెండో చేతితో ఇచ్చేసి ఇంటికి పోతున్నాడు.

చిత్రమేమిటంటే, ధర బాగున్నా గంజ్‌కు బండ్లు తగ్గాయి. మంచి పంట పండిన ఊళ్ళనుంచి కూడా వడ్లు రావడం లేదు. విచారిస్తే, ఊళ్ళోనే ఇంటి దగ్గరే, తిరుగుడు వ్యాపారులకు తక్కువకు అమ్ముకుంటున్నారని తెలిసింది.

"రాజయ్యా, ఎందుకు ఖాళీ అయితాంది?" అని హైదర్ సాహెబు అడిగాడు. నేను రాత్రి కూర్చుని నాకు తెలిసినదంతా కలిపి కారణాలు తయారుచేశాను. రోడ్లు బాగాలేవు. బండి కిరాయి పెరిగింది. రైతుకు మార్కెటు జ్ఞానం లేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "ఇందుల రైతు చెప్పింది ఏది?" అన్నాడు. ఏదీ లేదు. నేను ఎవరినీ అడగలేదు. పిల్లలకు ఇది చెప్పాలి: పుస్తకంలో ప్రతి దానికీ కారణం దొరుకుతుంది, కాని మన ఊరి కారణం దానిలో ఉండాలని లేదు.

మల్లమ్మ బస్తాలమీద కూర్చోవడం

ఆ వారంలోనే కట్టంగూరు వైపునుంచి ఒక బండి వచ్చింది. బండితోపాటు వచ్చినామె పేరు మల్లమ్మ. మా అమ్మ వయసు ఉంటుంది. భర్త పోయి చాలాకాలమైంది, సొంతంగా సేద్యం చేయించుకుంటుంది. ఆ బండి కిరాయిది. ఎందుకో తర్వాత తెలిసింది: ముసురులో ఆమె ఎడ్లలో ఒకటి గొంతువాచి చచ్చిపోయింది. ఒంటెద్దుతో మోట నడవదు. మోట నడవకపోతే బావి కింద తాబి నాటు లేదు. పక్కవాళ్ళ ఎద్దుతో జత కడదామంటే నాట్ల రోజుల్లో ఎవరికి వాళ్ళకే చాలదు. ఈ వడ్లు అమ్మి, మర్నాడు జరిగే పశువుల అంగడిలో ఒక ఎద్దును కొనుక్కుని తోలుకుపోవాలి. పోకపోతే ఆ భూమి బీడు. భూమి బీడు పడితే కౌలుకు ఇమ్మని అడగడానికి అప్పటికే ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. ఒకసారి కౌలుకు పోయిన భూమి ఒంటరి ఆడమనిషికి తిరిగి వస్తుందన్న నమ్మకం ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

ఆమె నీళ్ళు తాగింది, కాసేపు కూర్చుంది. హమాలీలు బస్తాలు విప్పబోతే మాత్రం లేచి వాటిమీద కూర్చుంది. కదలలేదు. నన్ను పిలిచారు.

"మున్షీ సాబూ," అంది, "నా వడ్లకు నువ్వు ఒర్రకు."

ఒర్రడమంటే గట్టిగా అరవడం. నేను నొచ్చుకున్నాను. పాట పెడితే ధర ఎక్కువ వస్తుందని, రైతు మేలుకోసమే పెట్టామని ఓపికగా వివరించాను. ఆమె అంతకన్నా ఓపికగా విన్నది.

"ఎక్కువొస్తదని నాకెరుకే బిడ్డా. వచ్చింది ఊరందరికి ఎరుకయితది గదా. గదే వద్దంటున్న." తర్వాత గడ్డం ఎత్తి గంజ్ గోడవైపు చూపింది. "గా గోడ మీద కూసున్నాయన ఎవరు?"

చూశాను. ఎడ్ల బేరగాడు జంగయ్య. వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. అంగడి మా గంజ్ గోడకు అవతలే. రోజూ అక్కడే కూర్చుంటాడు కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"ఆయన ఎడ్లు ఆడున్నయి, చెవులు ఈడున్నయి," అంది మల్లమ్మ. "నువ్వు ఒర్రిన ధరను నా బస్తాలతోటి లెక్క గడ్తడు. నేను అంగడికి వొయ్యేసరికి నా కొంగుల ఎంతున్నదో నాకంటె ముంగటనే ఆయనకెరుక. ఎద్దుకు గంతే అడుగుతడు. జర ఎక్కువ గాదు, జర తక్కువ గాదు. మొన్న మా పక్కింటాయనకు గట్లనే ఆయె. ఎద్దొచ్చింది. ఉప్పుకు పైస మిగలలె."

నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండా ఉండడానికీ కారణం కనపడలేదు. ఇంకో కుప్పకు పాట పెట్టి, ఆఖరి ధర మూడుసార్లు చెబుతూ గోడవైపే చూశాను. మొదటిసారికి జంగయ్య పుల్ల ఆపాడు. రెండోసారికి వేళ్ళు మడిచాడు. మూడోసారికి గోడ దిగి అవతలికి పోయాడు. అతని వెనకాలే బట్టల కొట్టు గుమాస్తా పోయాడు. అతన్ని నేను అప్పటిదాకా చూడనేలేదు.

నా గొంతుకు అంతమంది శ్రోతలున్నారని ఆ రోజు తెలిసింది. రుమాలు బేరం రైతును మోసం చేసేది. అందులో అనుమానం లేదు. కాని ఆ రుమాలు రైతు కొంగును కూడా కొంత కప్పేది. మేము మోసాన్ని తీసేశామనుకుని కప్పును కూడా లాగేశాము. ఇంటి దగ్గర తక్కువకు అమ్ముకున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. ఆ తక్కువతో వాళ్ళు గుట్టును కొనుక్కుంటున్నారు.

హైదర్ సాహెబు బటువా

మల్లమ్మను సాహెబు గదికి తీసుకుపోయాను. ఆయన మొత్తం విని కుర్చీలోంచి లేచాడు.

"రుమాల్ మళ్ళ రాదు. నేనుండంగ రాదు. ఇంకోటి, ఆడమనిషి రుమాల్ కింద చెయ్యి ఎట్ల పెడ్తది? జర సోచాయించు."

అది నిజంగా చిక్కే. రైతు తానే రుమాలు కింద చేయి పెట్టి తన ధర తానే వేళ్ళతో తెలుసుకోవచ్చుగదా అని నేను దారిలో ఆలోచించుకుంటూ వచ్చాను. మల్లమ్మ విషయంలో అది కుదరదు. పరాయి మగవాళ్ళ చేతిలో చేయి పెట్టి నలుగురిలో నిలబడమని ఆమెను ఎలా అడుగుతాము?

మల్లమ్మ గడపమీద కూర్చుని ఉంది. "చెయ్యెందుకు సాబూ? గింజలు పెట్టుమనుండ్రి. చింతగింజ రూపాయి, కందిగింజ అణా. మేము కూలోళ్ళకు మోపుల లెక్క గట్లనే పెడ్తం."

సాహెబు పాన్ నమలడం ఆపాడు. ఆయన పాన్ నమలడం ఆపడం నేను అంతకుముందు చూడలేదు. కాసేపు ఆమెను చూసి, తన షేర్వాణీ జేబులోంచి పాన్ బటువా తీశాడు. మూతికి దారాలు లాగి బిగించే మంచి ముఖమల్ సంచి. లోపలి వక్కలు, సున్నం డబ్బీ బల్లమీద కుమ్మరించి ఖాళీ సంచిని ఆమె ముందు పెట్టాడు.

"రుమాల్ గాదు, సంచి," అన్నాడు. "ఒక్కొక్క సేటు ఒక్కడే వస్తడు. గింజలు వేస్తడు. అమ్మ చెయ్యి పెట్టి చూస్తది. ఎంతేసిండో ఇంకో సేటుకు ఎరుక గావద్దు."

అప్పుడు నాకు తట్టింది. పాటలో ఒకడి ధర ఇంకొకడు వింటాడు. విన్నాక సేటులు కళ్ళతో మాట్లాడుకుని ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. సంచిలో ఆ వీలు లేదు. పక్కవాడు ఎంత వేశాడో తెలియని సేటు, సరుకు పోతుందన్న భయంతో ఒక గింజ ఎక్కువే వేస్తాడు. నా వంతుగా నేను ఒకటి కలిపాను: కుదిరిన తర్వాత సంచి మూతి కట్టేసి లోపలికి తేవాలి, చీటీ రాయడం, రూపాయలు చెల్లించడం రెండూ గది తలుపు వేసి జరగాలి. కొన్న సేటుకు కూడా తన ధర ఇతర సేటులకు చెప్పుకోవడం ఇష్టముండదు కాబట్టి అతని నోరు దానంతట అదే మూతపడుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత పాలమూరు గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను, మూసిన చీటీల్లో ధర రాసి ఇచ్చే పద్ధతి పెద్ద పెద్ద దేశాల్లో ఉందని. చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మేము ముగ్గురం దాన్ని ఒక మధ్యాహ్నం ఖాళీ పాన్ సంచితో కనిపెట్టామన్నమాట.

బేరం

ఆ సాయంత్రమే బేరం పెట్టాము. బస్తాలు కుప్ప పోయలేదు. ఒక్కో బస్తాలోంచి గుప్పెడు గుప్పెడు తీసి పళ్ళెంలో చూపించాము. సేటుల్లో పెద్దవాడు నాగయ్య సేటు. మనిషి మంచివాడే, కాని ఏ కొత్త పద్ధతినైనా తనను అవమానించడానికే పెట్టారనుకుంటాడు. చింతగింజలు, కందిగింజలు ఉన్న చాటను చూసి అతనికి కోపం వచ్చింది.

"మల్లమ్మా, మేము బేరానికొచ్చినమా, ఓమనగుంటలాటకొచ్చినమా?"

"ఆటనే అనుకో సేటూ," అంది ఆమె. "నువ్వు ఓడితె నీకొక్కనికే ఎరుకయితది. నేనెవలకు చెప్ప."

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. సేటు కూడా ఆఖరికి నవ్వక తప్పలేదు. సంచిలో చేయిపెట్టి గింజలు జారవిడిచి దూరంగా జరిగాడు. మల్లమ్మ సంచిని కొంగు చాటుకు తీసుకుని లోపల తడిమింది. కళ్ళు మాత్రం ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. గింజలు తీసి చాటలో కలిపేసి ఖాళీ సంచి తిరిగి ఇచ్చింది. తక్కువ అన్నమాట. తర్వాత ఇంకొక సేటు, ఇంకొకడు. ఒకరిద్దరిని మాత్రం మళ్ళీ రమ్మని తలాడించింది. ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. నేను అన్నేళ్ళలో ఆ సేటుల మొహాల్లో అటువంటి కలవరం చూడలేదు; అంత ముచ్చటైన కలవరం తర్వాత కూడా చూడలేదు.

నాగయ్య సేటు మూడోసారి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, తనంతట తానే. చాటలోంచి గింజలు తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. మల్లమ్మ తడిమింది. మళ్ళీ తడిమింది. దారాలు లాగి సంచి మూతి కట్టేసింది.

గదిలోకి పోయి తలుపు వేసి సాహెబూ నేనూ గింజలు లెక్కపెట్టాము. ఆ ధర నాకు ఇప్పటికీ జ్ఞాపకముంది. ఇక్కడ రాయను. ఆ వారంలో నేను గొంతు చించుకుని చెప్పిన ఏ ధరా దాన్ని అందుకోలేదని మాత్రం చెబుతాను.

రూపాయలు కొంగున కట్టుకుని మల్లమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. గడప దాటగానే ఆమె మొహం మారిపోయింది. అంతవరకు వెలిగిన మొహం పాలిపోయి, భుజాలు కుంగి, అరుగు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. బండి దగ్గర నిలబడి పెద్దగా నిట్టూర్చింది. ఏమైందమ్మా అని ఒక హమాలీ అడిగితే చేయి మాత్రం ఊపింది, ఏం చెప్పమంటావన్నట్టు. గోడమీద జంగయ్య మెడ చాపి చూస్తున్నాడు. వడ్లు తడివేమో, కుప్ప పోయనీయలేదంటే అదేనేమో అని ఎవరో అన్నారు. ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు. నేను సర్కారు ఉద్యోగిని, నిజం చెప్పవలసినవాణ్ణి. కాని నిట్టూర్పును తనిఖీ చేసే అధికారం మున్షీకి ఎవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత సంగతి

ఆ పంటలో మిగిలిన రోజులన్నీ రైతులకు రెండు దారులూ ఉంచాము. పాట కావాలన్నవాళ్ళకు పాట, సంచి కావాలన్నవాళ్ళకు సంచి. సాహెబు కొత్త సంచులు కుట్టించాడు. తన బటువా మాత్రం తిరిగి తీసుకోలేదు, దానిలో వక్కలకంటే చింతగింజలే బాగున్నాయన్నాడు. బండ్లు మెల్లమెల్లగా మళ్ళీ వచ్చాయి. నా గొంతుకు పని తగ్గింది. మొదట్లో కొంచెం చిన్నతనంగా అనిపించినా, అలవాటు పడ్డాను.

ఇది ఎక్కువకాలం నిలవలేదు. లెవీ వచ్చింది. ప్రతి రైతూ సర్కారుకు ఇంత ధాన్యం ఇవ్వాలి, సర్కారు కట్టిన ధరకే ఇవ్వాలి. పట్నంలో తిండి లేదు, ధాన్యం కావాలి. అది అబద్ధం కాదు. కాని నా అభిప్రాయం దాచుకోను: వడ్లకు ధర కట్టిన సర్కారు నాగలి కర్రుకు ధర కట్టలేదు, తోలుకు కట్టలేదు, రైతు భార్య చీరకు కట్టలేదు. పెద్దవాళ్ళ గాదెల జోలికి పోవడానికి జంకిన మనుషులు చిన్న రైతు విత్తనాలు కూడా కొలుచుకుపోయారు. గంజ్‌లో బేరం పోయింది, తూకం మిగిలింది. సంచులు అటకెక్కాయి. హైదర్ సాహెబు ఆ రోజుల్లో చాలా తక్కువ మాట్లాడేవాడు. అయినా బండి దిగినవాడికి నీళ్ళిచ్చే నియమం మాత్రం సడలనివ్వలేదు. ఇవ్వగలిగింది ఇంకేమీ లేనప్పుడు నీళ్ళైనా చల్లగా ఉండాలన్నాడు.

పిల్లలు అడుగుతుంటారు, ఏ పద్ధతి మంచిదని. రైతుకు ధర తెలియాలి. ఆ ధర ఇంకెవరికి తెలియాలో అతనే చెప్పాలి. ఇంతకుమించి నాకు తెలిసిన సిద్ధాంతం లేదు. కొత్త పద్ధతి పెట్టిన మర్నాడు కుప్ప దగ్గర నిలబడి సంతోషపడకండి. గోడవైపు చూడండి, ఎవరు వింటున్నారో.

అంగడి మర్నాడు

మల్లమ్మ సంగతి సగంలో ఆపాను. బేరం జరిగిన మర్నాడు అంగడి. నాకు గంజ్‌లో పని ఉండి పోలేకపోయాను, కాని మనసంతా గోడ అవతలే ఉంది. ఎద్దు దొరికిందో లేదో. జంగయ్య ఆమె నిట్టూర్పును నమ్మాడో లేదో. హైదర్ సాహెబు కూడా ఏదో పనిమీద వచ్చినట్టు రెండుసార్లు గేటు దాకా వచ్చి పోయాడు.

పొద్దు వాలుతుండగా గేటు దగ్గర గంట చప్పుడు వినిపించింది. మల్లమ్మ. చేతిలో కొత్త పగ్గం, పగ్గం చివర తెల్లని ఎద్దు. వయసులో ఉన్నది. మూపురం నిండుగా ఉంది, కొమ్ములు ఒకదానికొకటి సరిపోయాయి. ఇటువంటి ఎద్దును జంగయ్య మామూలుగా ఎంతకు అమ్ముతాడో గంజ్‌లో అందరికీ తెలుసు. హమాలీలు బస్తాలు దించి చుట్టూ మూగారు. ఒకడు పళ్ళు చూశాడు, ఒకడు గిట్టలు చూశాడు. సాహెబు వచ్చి ఎద్దు నుదుటిమీద చేయి వేసి తనలో తాను ఏదో అనుకున్నాడు.

మల్లమ్మ చెప్పింది, జంగయ్య తనను చూసి పాపమన్నాడట. వడ్లు తడిసిన సంగతి విన్నానన్నాడట. ఒంటరిదానివి, నీ దగ్గర ఎక్కువ గుంజితే పాపం తగులుతుంది అని తానే తగ్గించి చెప్పాడట.

"మంచోడే బిడ్డా," అంది, ఎద్దు మెడ నిమురుతూ. "ఎరుక గాకుంటె అందరు మంచోళ్ళే."

నేను ఆగలేకపోయాను. దగ్గరికి పోయి, పెద్దమ్మా, ఎంతకు ఇచ్చాడు అని అడిగాను. గొంతు తగ్గించే అడిగాననుకున్నాను. కాని నా గొంతు సంగతి తెలిసిందే. హమాలీలు, ఇద్దరు సేటులు, నీళ్ళకుండ దగ్గరున్న రైతులు అందరూ చెవులు రిక్కించారు.

మల్లమ్మ నన్ను జాలిగా చూసింది.

"ఎద్దు ధర ఎరుకయితె, మిగిలిందెంతో ఎరుకయితది. ఇంక మోటకు తోలు బొక్కెన కొనేదున్నది బిడ్డా."

అని పగ్గం మలిపి గేటు దాటింది. రోడ్డుమీద కొంతదూరం నవ్వుకుంటూనే నడిచింది. తోలుపని చేసేవాళ్ళ ఇండ్లవైపు తిరిగే మూల దగ్గర ఆగి, కొంగు సర్దుకుని, మొహం చిన్నబుచ్చుకుని, పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి ముందుకు సాగింది.